తోల్కపోనీకి ఎవ్వరూ రావద్దు

బోధన్
12 ఆగస్టు 2025

భాగ్యలక్ష్మి వదినకు,

నేను శైలజను. మీ తమ్ముడు వేణు భార్యను. నాలుగేళ్ల కింద మా పెళ్లిలో మీరు పందిరి చివర నిలబడి, అందరూ భోజనాలకు పోయాక నా దగ్గరికి వచ్చారు. "ఏమన్న అవసరం వడితే నిజామాబాద్ల ఖలీల్‌వాడికి రా. నేను ఆయమ్మగ పని జేసే దవాఖాన అక్కడ్నే ఉన్నది" అని చెప్పి పోయారు. అవసరం పడింది.

ఫోన్లు ఉన్న కాలంలో ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటారేమో. మా ఇంట్లో ఒక కట్టడి ఉంది. ఎవరికి ఫోన్ వచ్చినా స్పీకర్ పెట్టి, వాకిట్లో గద్దె మీద ఉంచి మాట్లాడాలి. "మనింట్ల దాపరికాలు లేవు" అంటుంది అత్తమ్మ. మా అమ్మకు మోకాలు నొప్పి వస్తే మా గల్లీలో ఆరిళ్లకు తెలుస్తుంది. పోస్టులో వేస్తే జవాబు అత్తమ్మ చేతికే వస్తుంది. అందుకని జామపండ్లు అమ్మే గంగుబాయి బుట్ట అడుగున ఈ కాగితం పెట్టి పంపుతున్నాను. ఆమె రోజూ ఫ్రీ బస్సులో నిజామాబాద్ పోయి అమ్ముకొని వస్తుంది. చదువు రాదు. ఎవరితోనూ నోరు విప్పనని ఒట్టు వేసింది.

నేను ఏడో తరగతి దాకా చదివాను. ఉత్తరం పుస్తకంలో ఉన్నట్టు రాయాలని మా తెలుగు సారు చెప్పేవారు. అట్లాగే రాస్తున్నాను. నోటితో మాట్లాడేటప్పుడు నాకు ఇన్ని మాటలు రావు.

విషయానికి రావడానికి భయమై బుట్ట గురించీ సారు గురించీ రాశాను. మాకు పిల్లలు లేరు. ఈ నాలుగేళ్లలో అత్తమ్మ నాతో తాగించని కషాయం లేదు, కట్టించని తాయెత్తు లేదు. పోయిన నెల జక్రాన్‌పల్లి నుంచి మీ మేనమామ సిద్దిరాములు వచ్చారు. నా ముందే అత్తమ్మతో "నా బిడ్డ సౌందర్య ఇంటర్ అయిపోయింది. మన పిల్ల మనింట్లనే ఉంటది గదా అక్కా" అన్నారు. నేను చాయ్ గ్లాసులు పట్టుకొని నిలబడ్డాను. అత్తమ్మ నా వైపు చూసి "చక్కెర తక్కువేసినవ్" అంది. చుట్టూ చెరుకు పండే ఊళ్లో ఉండి చక్కెర తక్కువేయడం నా తప్పే.

బతుకమ్మకు నన్ను పుట్టింటికి పంపుతారు. అది ఏటా ఉన్నదే. దసరా పోయాక మొగుడు వచ్చి తోల్కపోవడం కూడా ఏటా ఉన్నదే. కానీ "ఈసారి తోల్కరానీకి తొందరేం లేదు" అని అత్తమ్మ మీ తమ్ముడితో అనడం విన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన దేని గురించీ ఏమీ అనరు, ఒక్క ఫ్రీ బస్సు గురించి తప్ప. ఆయన బస్టాండు ముందరి ఆటో స్టాండుకు సెక్రెటరీ. ఫ్రీ బస్సు వచ్చినప్పటి నుంచి ఆటోల్లో ఈగలు తిరుగుతున్నాయి, నిజమే. అందుకని స్టాండువాళ్లంతా తీర్మానం చేశారు. ఆటోవాళ్ల ఇండ్లలోని ఆడవాళ్లు ఎవ్వరూ బస్సు ఎక్కరాదు. అది ఆయన చేత్తో రాసిందే. ఎక్కరాదు అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశారు.

మీ డాక్టరమ్మకు నన్నొకసారి చూపించండి. నాలో లోపం ఉందో లేదో తెలిస్తే, పోవాల్సి వచ్చినా తెలుసుకొని పోతాను. మీరు ఉద్యోగం కోసం మొగుణ్ణి వదిలేసి వచ్చారని, అందుకే ఈ గడప తొక్కరని ఇంట్లో చెప్తారు. అంత ధైర్యం ఉన్న మనిషి నాకు కొంచెం అప్పిస్తారని ఆశ.

మీరు అత్తమ్మ కన్నబిడ్డ. ఈ కాగితం ఆమెకు చూపించాలనిపిస్తే చూపించండి. కానీ ముందు ఒక రాత్రి నిద్రపోయి చూపించండి.

శైలజ

నిజామాబాద్
14 ఆగస్టు 2025

శైలజా,

నీ ఉత్తరం జామపండు వాసన వేస్తోంది. ఒక రాత్రి నిద్రపోయాను. అవ్వకు, అదే మీ అత్తమ్మకు, చూపించడం లేదు.

నన్ను మీరు అనకు. ఇక్కడ డాక్టరు నుంచి వాచ్‌మన్ దాకా "ఓ భాగ్యా" అని కేకేస్తారు. మీరు అంటే ఎవరినో అనుకొని వెనక్కి తిరిగి చూస్తాను. ఇక నేను మొగుణ్ణి వదిలి వచ్చిన కథ నీకు ఎవరు చెప్పారో గానీ బాగా అల్లి చెప్పారు. అది ఇంకోసారి.

మంగళవారం పొద్దున్నే రా. బస్సుకు ఆధార్ కార్డు కావాలి, అది అవ్వ బీరువాలో ఉంటుంది. "రేషన్ దుకాణంల వేలిముద్ర ఎయ్యాల్నట, లేకుంటే బియ్యం బంద్ జేస్తరట" అను. బియ్యం అంటే అవ్వ తాళం తనే తీస్తుంది. ముఖానికి స్కార్ఫు కట్టుకో, కళ్లు తప్ప ఏమీ కనపడొద్దు. ఆటో స్టాండు ముందు నుంచి కాకుండా వెనక గేటు నుంచి బస్టాండులోకి పో. కండక్టర్ సున్నా టికెట్టు ఇస్తే కింద పడేయకు, చెకింగ్ వస్తే అడుగుతారు.

ఒక్క సంగతి చెప్తాను, ముందు ముందు పనికొస్తుంది. వేణు చిన్నప్పుడు బడికి సూదులు వేసేవాళ్లు వచ్చారని చెరుకుతోటలో దాక్కున్నాడు. రెండు పూటలు అన్నం లేకుండా చెరుకే తిని ఉన్నాడు కానీ బయటికి రాలేదు. మగవాళ్ల గురించి నాకు తెలిసినదంతా ఆ రోజే తెలిసింది, తర్వాత కొత్తగా నేర్చుకున్నది తక్కువ.

నీ వదిన
భాగ్య

బోధన్
4 సెప్టెంబర్ 2025

వదినకు,

వానల వల్ల గంగుబాయి వారం పైగా రాలేదు. అందుకే ఇన్ని రోజులు రాయలేకపోయాను.

మొదటి మంగళవారం బస్సు సంగతి మీ దగ్గర చెప్పలేకపోయాను, సిగ్గేసింది. స్కార్ఫు కట్టుకొని వెనక గేటు నుంచి వచ్చి, తల వంచుకొని చివరి సీట్లో కూర్చున్నాను. పక్కన ఇంకో స్కార్ఫు. ముందు సీట్లో రెండు స్కార్ఫులు. వంతెన దాటాక పక్కామె కళ్లు చూసి గుర్తుపట్టాను. మా స్టాండు భీమన్న భార్య. ఆమె కూడా నన్ను గుర్తుపట్టింది. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నలుగురం ఆటోవాళ్ల ఇండ్లవాళ్లమే. ఎవరం ఎవరినీ పలకరించలేదు. నిజామాబాద్‌లో దిగేటప్పుడు భీమన్న భార్య మాత్రం నా చెవి దగ్గర "నేను నిన్ను సూడలే, నువ్వు నన్ను సూడలే" అని గుసగుసలాడింది. ఆ నాలుగు జతల కళ్లు తలుచుకొని రెండు రోజులు పొయ్యి దగ్గర ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అత్తమ్మ "ఏందే, గాలి సోకిందా" అంది.

రెండోసారి వచ్చినప్పుడు డాక్టరమ్మ నా కాగితాలన్నీ చూసి "నీకు అన్నీ బాగున్నయమ్మా, మీ ఆయనేడి?" అని అడిగింది కదా. "ఆటోల ఉన్నడు" అన్నాను. ఆమె లేచి కిటికీలోంచి రోడ్డు మీదికి చూసింది. ఆటో బోధన్‌లో ఉందని చెప్పలేక నేనూ చూశాను. అప్పుడు మీరు నవ్వు ఆపుకోలేక బయటికి పోయారు.

ఆమె చెప్పిన మిగతా మాట నాకు మోయలేనంత బరువుగా ఉంది. ఆయనకు పరీక్ష చేయాలట. వదినా, ఇది నేను ఆయనతో ఎట్లా అనాలి? బల్బు మార్చమని అడగడానికే నాకు మూడు రోజులు పడుతుంది. అన్నా, ఆ మాట స్టాండుకు తెలిస్తే ఆయన తలెత్తుకోలేరు. రాత్రంతా ఆలోచించాను. లోపం నాలోనే ఉందని నేనే అత్తమ్మకు చెప్పేస్తాను. ఎట్లాగూ బతుకమ్మకు పంపేస్తారు. ఆ మాట నేను మోసుకుపోతే ఇక్కడ ఒక మనిషైనా కుదురుగా ఉంటాడు. నాకు మందులు రాసినట్టు ఒక చీటీ రాసిమ్మని డాక్టరమ్మను అడగండి.

ఉద్యోగం కోసం మొగుణ్ణే వదులుకున్న మీకు ఇది పిచ్చిగా అనిపించవచ్చు. నాకు ఆయన మీద కోపం రావడం లేదు.

శైలజ

నిజామాబాద్
6 సెప్టెంబర్ 2025

శైలజా,

అట్లాంటి చీటీ ఏ డాక్టరూ రాయదు. రాసినా నేను తేను. లోపం లేనిది ఉందని నీ నోటితో అన్నావంటే ఈ జన్మలో నీ ముఖం చూడను.

ఇక ఆ కథ విను. నేను మొగుణ్ణి వదిలి రాలేదు. నన్ను కూడా బతుకమ్మకే పంపారు, తొమ్మిదేళ్ల కింద. కొత్త చీర పెట్టి, బొట్టు పెట్టి పంపారు. దసరాకు వస్తాడన్నారు. దసరా అయింది, దీపావళి అయింది. ప్రతి ఆదివారం జడ వేసుకొని వాకిట్లో కూర్చున్నాను. ఆయన రాలేదు, ఆయన పెళ్లి కబురు వచ్చింది. ఆ రోజు అవ్వ గడప మీద నిలబడి "మొగడు తోల్కపోని పిల్ల ఇంట్ల ఉంటే వేణుకు పిల్లనెవరిస్తరే" అంది. నేను సంచి సర్దుకున్నాను. వేణు ఆ సంచి పట్టుకొని బస్టాండు దాకా వచ్చాడు. ఇరవై ఏళ్లవాడు. బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. ఏమీ అనలేదు. ఉద్యోగం ఆ తర్వాత ఆరు నెలలకు దొరికింది.

అసలు సంగతి ఇంకా ఉంది. ఆ రెండో ఆమె వచ్చి ఎనిమిదేళ్లు. ఆ ఇంట్లో ఉయ్యాల కొక్కేనికి ఇప్పటికీ ఉల్లిగడ్డల సంచే వేలాడుతోందట. ఇప్పుడు మూడో పిల్లను వెతుకుతున్నారట. ఆ మనిషి ఒక్క పొద్దు ఒక చిన్న డబ్బా పట్టుకొని ఒక గదిలోకి పోయి ఉంటే సరిపోయేది. దానికి బదులు ముగ్గురు ఆడవాళ్లను కషాయాలు తాగమంటున్నాడు. ఇది అవ్వకు చెప్పడానికి నాకు స్పీకర్ లేని ఫోన్ ఎప్పుడూ దొరకలేదు.

వేణును దవాఖానకు పంపు. వాణ్ణి గాడిద అనను. గాడిదకు చెప్తే కదులుతుంది.

భాగ్య

బోధన్
11 సెప్టెంబర్ 2025

వదినకు,

కొంప మునిగింది. మీ ఉత్తరం మీ తమ్ముడి చేతికి పోయింది.

ఆదివారం గంగుబాయి వచ్చేసరికి అత్తమ్మ వాకిట్లో చింతపండు తీస్తూ కూర్చుంది. కాగితం ఇచ్చే వీలు లేక ఆమె బస్టాండుకు తిరిగి పోయింది. అక్కడ ఈయన కనిపించారు. తీసి ఇచ్చేసింది. నేను ఏడుస్తుంటే ఆశ్చర్యపోయింది. నన్ను ఆమె సూన్‌బాయి అంటుంది, మరాఠీలో కోడలిపిల్ల అని. "అక్క చిట్టీ తమ్మునికి ఇచ్చిన. అండ్ల తప్పేమున్నది సూన్‌బాయి? నోరైతే ఇప్పలే గదా!" అంది. ఒట్టు తప్పలేదనే అనుకుంటోంది పాపం.

ఆయన చదివారు. గాడిద దాకా చదివారు. సంచి పట్టుకొని నిలబడ్డ దాకా కూడా. ఇంటికి వచ్చి నాలుగు మడతలు పెట్టి నా దువ్వెన డబ్బాలో ఉంచారు. అట్లా నాకు దొరికింది. మీ కథ చదివాక, పోయినసారి నేను రాసిన ఆఖరి మాటలు వెనక్కి తీసుకోవాలనిపించింది. కాగితం మీద రాసినవి ఎట్లా తీసుకుంటారో తెలియదు. నన్ను క్షమించండి.

ఐదు రోజులుగా ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కంచం ముందు కూర్చుంటారు, రొట్టెను తుంపి తుంపి ముక్కలు చేసి లేస్తారు. మంగళవారం ఆటో స్టాండులోనే ఉంది, మనిషి లేరు. ఎక్కడికి పోయారో భీమన్నకు కూడా తెలియదట. సాయంత్రం ఒక గుడ్డసంచి పట్టుకొని దొంగలాగ వచ్చి, దాన్ని ఆటోలోనే దాచారు. అత్తమ్మ ముఖం మాత్రం వెలిగిపోతోంది. "జక్రాన్‌పల్లికి పోయి ఉంటడు. మామతోని మాట్లాడి ఉంటడు. సౌందర్యకు చీర గిట్ల పెట్టింటరు సంచిల" అంటోంది. నాకూ అదే అనిపిస్తోంది. మీ ఉత్తరం చదివి ఆయనకు నా మీద అసహ్యం పుట్టింది.

నిన్న ఇంకోటి జరిగింది. జొన్నపిండి డబ్బా వెనక దాచిన సున్నా టికెట్లు అత్తమ్మకు దొరికాయి. వాకిట్లోకి తెచ్చి గల్లీకి వినపడేటట్టు "నాలుగు టికెట్లు! స్టాండు సెక్రెటరీ పెండ్లాం బస్సులల్ల ఊరేగుతున్నది! ఎవని కోసం పోయినవే?" అని అడిగింది. దవాఖానకు అంటే ఎందుకు అని అడుగుతుంది. ఎందుకో చెప్తే ఆయన పేరు వస్తుంది. నోరు మూసుకున్నాను. నా ఆధార్ కార్డు మళ్లీ బీరువాలోకి పోయింది. భీమన్న భార్య ఎదురింటి అరుగు మీది నుంచి నన్ను చూసి, తలుపు వేసుకుంది.

ఇరవైన సిద్దిరాములు మామ వస్తున్నారు. మరునాడు నన్ను పంపుతారు. మీకు ఇదే నా ఆఖరి ఉత్తరమేమో.

శైలజ

నిజామాబాద్
17 సెప్టెంబర్ 2025

శైలజా,

కూర్చొని చదువు.

వాడు పోయింది జక్రాన్‌పల్లికి కాదు. నా దగ్గరికి వచ్చాడు. బస్సులో వచ్చాడు! ఆటోలో వస్తే ఇక్కడి ఆటోవాళ్లు నంబరు చూసి గుర్తుపడతారని భయం. మీ స్టాండు సెక్రెటరీ ఫుల్ టికెట్టు తీసుకొని, సీట్లన్నీ ఆడవాళ్లే కూర్చుంటే బోధన్ నుంచి ఇక్కడిదాకా నిలబడి వచ్చాడు. ముఖానికి కర్చీఫ్ కట్టుకున్నాడు. మీ అందరికీ వచ్చిన ఉపాయమే వాడికీ వచ్చింది.

దవాఖాన ముందు గంటసేపు అటూ ఇటూ తిరిగాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నా, పిలవలేదు. పిలిస్తే చెరుకుతోటకు పోతాడు. చివరికి వచ్చి "అక్కా, ఎవలతోని మాట్లాడాలె" అన్నాడు. అక్కను, నేనేం చెప్తాను? కంపౌండర్ వెంకటిని పిలిచి అప్పజెప్పాను. వెంకటి డబ్బా చేతికిచ్చి గది చూపించాడట. మనవాడు లోపలికి పోలేదు. డబ్బాను సంచిలో వేసుకొని వెనక మెట్ల మీదుగా పారిపోయాడు. మీ అత్తమ్మ సౌందర్యకు చీర అనుకున్న సంచి అదే.

మళ్లీ శనివారం వచ్చాడు. ఈసారి పారిపోలేదు. రిపోర్టు వచ్చింది. లోపం వాడిలో ఉంది. ఆరు నెలలు మందులు వాడాలి, గుట్కా మానాలి. పిల్లలు కావచ్చు, కాకపోవచ్చు, డాక్టరమ్మ మాట ఇవ్వలేదు.  పోతూ పోతూ "అక్కా, ఆ రోజు నీ సంచి నేను మొయ్యకుంటె మంచిగుండు" అన్నాడు. అంతే. నాకు పనుందని నేను లోపలికి పోయాను.

"శైలజకు నువ్వు జెప్పకు, నేనే జెప్త" అని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు. రోగి సంగతి ఇంకొకరికి చెప్పడం నా కొలువుకు కూడా తప్పు. నాలుగు రోజులు ఆగాను. చెప్పాడా? చెప్పి ఉండడు. తొమ్మిదేళ్ల నుంచి వాణ్ణి నమ్మి ఆగడం నాకు చేతకాదు. అందుకే ఈ తప్పు చేస్తున్నా.

రిపోర్టు ఇంట్లో పెట్టడట. ఆటో వెనక సీటు కింద, పానాల సంచిలో పెడతానన్నాడు. ఇరవైన మామ ముందు వాడు నోరు తెరిస్తే సరే. తెరవకపోతే సీటు ఎత్తు. కాగితం తీసి మామ ఒళ్లో పెట్టు.

భాగ్య

పోచంపాడ్
23 సెప్టెంబర్ 2025

వదినకు,

అమ్మ వాళ్లింటి నుంచి రాస్తున్నాను. ఇక్కడ పోస్టు డబ్బా దగ్గరికి నేనే పోవచ్చు. సీటు ఎత్తలేదు. తిట్టే ముందు ఏం జరిగిందో చదవండి.

శనివారం సిద్దిరాములు మామ వచ్చి గద్దె మీద కూర్చున్నారు. అత్తమ్మ కింద. ఆయన తలుపుకు ఆనుకొని నిలబడ్డారు. ఆటో వాకిట్లో, నాకు ఐదడుగుల దూరంలో. మామ చాయ్ తాగి "పిల్లను రేపు పంపుతున్నరు గదా అక్కా. వాళ్ల అన్న వస్తడా తోల్కపోనీకి?" అన్నారు. అత్తమ్మ "వస్తడు" అంది. "మళ్ల మనోడు తోల్కరానీకి పోవుడు..." అని మామ ఆగారు. అత్తమ్మ "సూద్దం తియ్యి" అంది. నేను ఆయన ముఖం చూశాను. నేల చూస్తున్నారు. ఇప్పుడు అంటారు, ఇప్పుడు అంటారు అని ఎదురు చూశాను. గ్లాసులో చాయ్ చల్లబడి మీగడ కట్టింది.

లోపలికి పోయి డాక్టరమ్మ ఇచ్చిన నా కాగితాలు తెచ్చాను.  "మామా, నేను దవాఖానకు పోయిన. గందుకే బస్సెక్కిన. నాలో ఏ లోపం లేదట. ఇగో సూడు" అన్నాను. నాలుగేళ్లలో ఆ వాకిట్లో అంత పెద్దగా మాట్లాడటం అదే మొదలు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మామ కాగితం తిప్పి చూసి "మరి ఎవలిల ఉన్నట్టు?" అన్నారు.

అందరూ ఆయన వైపు చూశారు. నాకు సీటు కనిపిస్తూనే ఉంది. రెండడుగులు వేశాను కూడా. అప్పుడు ఆయన కళ్లెత్తి నన్ను చూశారు. నాకు తెలుసని ఆయనకు తెలిసిపోయింది. ఆగమని అడగలేదు, తీయమనీ అనలేదు. వదినా, అది ఆయన నోటి నుంచి రావాల్సిన మాట. నేను గుంజి తీస్తే ఆ ఇంట్లో నేను ఉంటాను గానీ, ఆయన జన్మంతా తలుపుకు ఆనుకొనే ఉంటారు. నాకు అట్లాంటి మొగుడు వద్దు.

"నా కాగితం నేను జూపిన" అని మాత్రం అన్నాను. తర్వాత అత్తమ్మ వైపు తిరిగి "నా ఆధార్ కార్డు ఇయ్యి అత్తమ్మా" అన్నాను.

"ఎందుకే?"

"పుట్టింటికి పొమ్మన్నరు గదా. మా అన్న రావద్దు, నేనే బస్సుల పోత. దసరా పోయినంక నేనే బస్సుల వస్త. తోల్కపోనీకి ఎవ్వరూ రావద్దు."

మామ నవ్వారు. "మొగడు తోల్కరాకుంట ఆడిది తనంతట తాను వచ్చుడేంది? యాడనన్న ఉన్నదా?" అన్నారు. నేను చేయి చాచే ఉంచాను. అత్తమ్మ నన్ను చూసింది, నా చేతిని చూసింది. బీరువా తాళం తీసింది. ఎందుకు తీసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెకు మీరు గుర్తుకు వచ్చారని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

ఆయన మాత్రం బయటికి పోయి ఆటో స్టార్ట్ చేశారు. ఆటో పోయింది, సీటు కింది కాగితంతో సహా. ఆ రాత్రి ఇంటికి రాలేదు. మరునాడు నేను బయలుదేరేదాకా రాలేదు.

ఇక్కడ అమ్మ బతుకమ్మ పేరుస్తోంది. పొరుగువాళ్లు "అల్లుడు ఎప్పుడొస్తడు" అని అడుగుతున్నారు. "రాడు, నేనే పోత" అంటే ఏదో చావు కబురు విన్నట్టు చూస్తున్నారు. పగలు ధైర్యంగానే ఉంటాను. పాట ఆగినప్పుడు మాత్రం, పోయి తలుపు కొడితే తీయకపోతే ఎట్లా అనిపిస్తుంది.

శైలజ

నిజామాబాద్
26 సెప్టెంబర్ 2025

శైలజా,

నిన్ను తిట్టడానికే కాగితం తీశాను. నాలుగు ముక్కలు రాసి కొట్టేశాను.

తొమ్మిదేళ్ల కింద నేను జడ వేసుకొని అన్ని ఆదివారాలు వాకిట్లో కూర్చున్నాను కదా. నా మొగుడి ఊరికి పొద్దునా సాయంత్రం బస్సు ఉండేది. నేనే ఎక్కి పోయి ఆ తలుపు ముందు నిలబడవచ్చని ఒక్క రోజు కూడా తోచలేదు. పోతే మంచిదయ్యేదా అంటే, ఆ మనిషిని తలుచుకుంటే కాకపోయేదే. కానీ తోచి ఉండాల్సింది.

వేణు నుంచి ఏ కబురూ లేదు. నీకు లేని ఆశ పెట్టను. తలుపు తీయకపోతే అక్కడి నుంచి నేరుగా నా గదికి రా. చాప ఉంది.

భాగ్య

బోధన్
5 అక్టోబర్ 2025

వదినా,

ఈసారి నిన్ను నువ్వు అనే రాస్తాను.

నిన్న మూడు బస్సులు మారి వచ్చాను. నిజామాబాద్‌లో దిగినప్పుడు నీ దగ్గరికి రావాలని కాళ్లు లాగాయి. ఆగితే ధైర్యం జారిపోతుందని ఆగలేదు. బోధన్ దగ్గర పడుతుంటే చేయి అలవాటుగా స్కార్ఫు మీదికి పోయింది. తీసి సంచిలో పెట్టాను. వెనక గేటు వైపు కూడా పోలేదు. ఆటో స్టాండు ముందే దిగాను, ముఖం నిండా ఎండతో.

స్టాండంతా నన్ను చూసింది. ఆయన ఆటోలోంచి దిగారు. ఒక చేయి నా సంచి వైపు చాచి మళ్లీ వెనక్కి తీసుకున్నారు. సంచి నా దగ్గరే ఉంచి "ఇంటిదాక బస్సు లేదు. ఎక్కు" అన్నారు. "ఆడోళ్లకు ఫ్రీయేనా?" అన్నాను. అది నా నోటి నుంచే వచ్చిందా అని నేనే తిరిగి చూసుకున్నాను. భీమన్న పడీ పడీ నవ్వాడు.

దారిలో ఆయన ఏమీ చెప్పలేదు. చెప్పాల్సినవన్నీ ముందే చెప్పేశారని ఇంటికి వచ్చాక, గల్లీ మొత్తం చెప్తే తెలిసింది. దసరా రోజు సిద్దిరాములు మామ ఫోన్ చేశారట. అత్తమ్మ ఎప్పటిలాగే స్పీకర్ పెట్టి గద్దె మీద ఉంచిందట. ఈయన పోయి ఆటో సీటు ఎత్తి, కాగితం తెచ్చి, గద్దె ముందు కూర్చొని "మామా, శైలజ కాగితం సూసినవ్ గదా. ఇప్పుడు నాది ఇను" అని మొత్తం చదివారట. రాని ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కొని మరీ చదివారట. "లోపం నాదే. సౌందర్యకు వేరే పిలగాన్ని సూడు" అన్నారట. అత్తమ్మ ఫోన్ ఆపబోతే దాని మీద చేయి అడ్డం పెట్టి "మనింట్ల దాపరికాలు లేవు గదనే అవ్వా" అన్నారట. ఆరిళ్లవాళ్లూ గోడల మీద నుంచి విన్నారు. స్టాండులో మొదటి రోజు నవ్వారట. రెండో రోజు నుంచి ఒక్కొక్కరే వచ్చి, పక్కకు పిలిచి, మీ దవాఖాన అడ్రసు అడుగుతున్నారట. వెంకటిని డబ్బాలు ఎక్కువ తెప్పించమను.

గుట్కా మానారు. మందు మింగేటప్పుడు సూది చూసిన పిల్లవాడిలాగ ముఖం పెడతారు. రాత్రి నాతో "ముందే చెప్పాల్సింది" అన్నారు. "అవును" అన్నాను. నాకు కోపం రావడం లేదని అప్పుడు నీకు రాశాను కదా. ఇప్పుడు వస్తోంది, రోజుకు కొంచెం. రానిస్తున్నాను.

ఇక అత్తమ్మ. నిన్న తలుపు తీసింది. మంచినీళ్లిచ్చింది.  ఇవాళ పొద్దున బీరువా తెరిచి తన ఆధార్ కార్డు తీసి, కొంగుతో తుడిచి నా ముందు పెట్టింది. "గిది నడుస్తదా బస్సుల?" అని అడిగింది.

"నడుస్తది. యాడికి అత్తమ్మా?"

కార్డు మీది ఫొటోను వేలితో ఇంకోసారి తుడిచింది. తర్వాత "భాగ్య మొగని రెండో పెండ్లానిక్కూడ పిల్లలు లేరట గదా. వేణు జెప్పిండు" అంది. నా వైపు చేయి చాచి "నీ గుడ్డ ఇయ్యి. ముఖానికి ఎట్ల గట్టాల్నో సూపియ్యి" అంది.

"ఇంక స్టాండోళ్లు ఏమనరు అత్తమ్మా. కట్టుకోకున్నా నడుస్తది" అన్నాను.

"స్టాండోళ్లకు గాదే" అంది. "భాగ్య ముందల ఈ ముఖం ఎట్ల వెట్టుకోని నిలవడాలె?"

మంగళవారం ఎనిమిదింటి బస్సుకు వస్తున్నాం. గంగుబాయి కూడా అదే బస్సులో ఉంటుంది. స్కార్ఫు కట్టుకున్న పెద్దామె నా వెనక నిలబడితే పేరు పెట్టి పిలవకు. తనంతట తాను ముడి విప్పుకునేదాకా ఏమీ అనకు వదినా. ముడి నేను వదులుగానే కడతాను.

నీ మరదలు
శైలజ